గాలి గొట్టానికి వాసెన

రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగినవాడికి దేనికైనా ధర కట్టడం వస్తుంది. గాలికి ధర కట్టడం మాత్రం నేను పెళ్ళయి, బట్టతల మొదలయ్యాక గానీ నేర్చుకోలేదు.

మా ఇంట్లో అందరివీ దుకాణాలే. నాన్నది పప్పుల కొట్టు, చిన్నాన్నది తాళ్ళు గోనెసంచుల కొట్టు, మేనమామది గాజుల కొట్టు. మా అమ్మ నిద్రలో కలవరించినా "ఆఖరి మాట చెప్పు" అనేది. నేను ఒక్కణ్ణే ఇంటి మీద తిరుగుబాటు చేసి లారీ సామాన్ల కొట్టు పెట్టాను. మాలో తిరుగుబాటంటే అంతే, ఒక కొట్టు కాదని ఇంకో కొట్టు పెట్టడం.

సామాన్లు అమ్ముతూ అమ్ముతూ రోగం చెప్పే పనిలోకి దిగాను. వెనకటి డీజిల్ బండ్లకు పొగ రంగు చూసి, చప్పుడు విని చెప్పేవాళ్ళు. ఇప్పటి బండ్లలో కంప్యూటర్ ఉంది, దానికి చాడీలు చెప్పే సెన్సార్లు ఉన్నాయి. అన్నిటిలోకీ ఎక్కువ తిట్లు తినేది ఎయిర్ ఫ్లో సెన్సార్. మా సందులో దాన్ని గాలి సెన్సార్ అంటారు. ఎయిర్ ఫిల్టర్ దాటి ఇంజిన్‌లోకి పోయే గొట్టంలో కూర్చునే చిన్న ప్లాస్టిక్ ముక్క అది. దాని లోపల సన్నటి వేడి రేకు ఒకటి ఉంటుంది. గాలి తగిలితే చల్లబడుతుంది. ఎంత చల్లబడిందో చూసి కంప్యూటర్ ఎంత గాలి వచ్చిందో లెక్కేసుకుంటుంది, దాన్ని బట్టి తక్కిన యవ్వారం నడుపుతుంది. ఈ సంగతంతా ఒకసారి మా నాన్నకు వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే గల్లాపెట్టె కాడ కూసున్నోడన్నట్టు. వచ్చిపోయేటోళ్ళను లెక్కపెడతడు, సరుకు మాత్రం ముట్టడు" అన్నాడు. ఇంతకంటే బాగా చెప్పిన ఇంజినీరును నేను ఇంతవరకూ చూడలేదు.

ఈ పనిలో ఒక తక్లీఫ్ ఉంది. సెన్సార్ పోయిందని చెప్పి కొత్తది అమ్మితే అది వ్యాపారం. పాతదే బాగుంది, కాస్త తుడిస్తే చాలు అని చెబితే అది ధర్మం. ధర్మానికి మా బజార్‌లో ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. అందుకని నేను తుడవడాన్ని ఒక తంతుగా మార్చాను. తెల్ల చేతితొడుగులు వేసుకుంటాను. తలకు లైటు కట్టుకుంటాను. స్ప్రే కొట్టాక, అది ఆరేదాకా ఎవరూ మాట్లాడకూడదని వేలు చూపిస్తాను. మాట్లాడితే ఏమీ కాదు. కానీ నోరు మూసుకుని నిలబడ్డ మనిషి బిల్లు దగ్గర కూడా కాసేపు అలాగే ఉంటాడు.

ఈ తంతు ఏమాత్రం పనిచేయని మనిషి ఒక్కరే ఉన్నారు. నేరేడ్‌మెట్‌లో పచ్చళ్ళు పెట్టి ఊరంతా అమ్మే పెద్దావిడ. గుంటూరు వైపు నుంచి కాపురానికి వచ్చి, మారేడ్‌పల్లిలో ఇంటింటికీ తిరిగి సీసాలమ్మి, ఇవాళ నేరేడ్‌మెట్‌లో షెడ్డూ, పదిమంది ఆడవాళ్ళ పనీ, ఒక మినీ లారీ దాకా వచ్చింది. ఆవిడ బేరమాడదు. ధర విని, చెవిటిదానిలా నా మొహం చూస్తూ కూర్చుంటుంది. ఆ చూపుకు తట్టుకోలేక నేనే తగ్గిస్తాను. తగ్గించాక "ఊఁ, ఆ తర్వాత?" అంటుంది. ఆవిడతో బేరమాడిన రోజు నేను మధ్యాహ్నం ఇంటికెళ్ళి పడుకుంటాను.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆ మినీ లారీ దగ్గుకుంటూ, నల్లపొగ వదులుకుంటూ మా కొట్టు ముందుకొచ్చి ఆగింది. ముందు డ్రైవర్ దిగాడు. చాలా ఏళ్ళుగా ఆవిడ దగ్గరే చేస్తున్న మనిషి, పక్కా మన ఇలాకా వాడు, చెయ్యి శుభ్రం, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. రెండోవైపు నుంచి ఆవిడ దిగింది. నడుముకు తాళంచెవుల గుత్తి. నేను ప్లాస్టిక్ కుర్చీ వేశాను. ఆవిడ దాన్ని కొంగుతో దులిపి కూర్చుంది.

"బాబూ, నువ్వు నిజం చెబుతావని రాలేదు" అంది. "అబద్ధం చెబితే నాకు తెలిసిపోతుందని వచ్చాను."

"మంచిదమ్మా. చాయ్ తాగుతరా?"

"నీ బిల్లులో కలపకపోతే తాగుతాను. విను. బండి ఎత్తు ఎక్కటం లేదు. రెండు నెలలుగా నల్లపొగ. డీజిల్ చూస్తే నీళ్ళలా తాగేస్తోంది. మా వీధిలో మెకానిక్కు గాలి సెన్సార్ పోయిందన్నాడు, మార్చాడు. మళ్ళీ అదే. వాన పడ్డ రోజైతే మరీను. ఇంక రెండే దార్లు. ఆ కొత్త సెన్సార్ కూడా పనికిమాలినదై ఉండాలి. లేకపోతే..." ఆవిడ చూపు డ్రైవర్ మీదకు పోయింది. "డీజిల్ ఎటో పోతుండాలి."

"జెర సక్కగ చెప్పమ్మా" అన్నాడు డ్రైవర్. "ఎటో పోతున్నదేంది? నేను అమ్ముకుంటున్న అని చెప్పు. సేటుకు సుత సమజ్ కావాలె గద."

"నేను ఆ మాట అన్నానా?"

"అనలే. ట్యాంకు మూత చాబీ గుంజుకున్నవ్. అందరి ముంగట. మిరపకాయలు తొడిమలు తీస్తున్న ఆడోళ్ళంత చేతులు ఆపి సూశిండ్రు. గది అన్నట్టు కాదా?"

ఆవిడ చెయ్యి నడుము మీదకు పోయింది. నడుము గుత్తిలో పెద్ద తాళంచెవుల మధ్య ఒక చిన్నది వేరే రంగులో మెరుస్తోంది. అదే అయుండాలి.

"చూడు బాబూ" అంది నాతో. "ఇవాళ ఇక్కడే తేలిపోవాలి. సెన్సార్ అయితే సరే, మార్చు. సెన్సార్ బాగుంటే మాత్రం రేపటినుంచి నా బండికి వేరే డ్రైవర్."

అలా పొద్దున్నే బోణీ కాకముందే నన్ను జడ్జిని చేసి కూర్చోబెట్టింది. బోణీ బేరాన్ని వెనక్కి పంపితే ఆ రోజంతా దుకాణం ఏడుస్తుందని మా ఇంట్లో పాలతో పాటు పట్టిన నమ్మకం. అందుకని ఒప్పుకున్నాను.

ఆవిడ చాయ్ ఊదుకుంటుండగా డ్రైవర్ నా మోచెయ్యి పట్టుకుని లారీ వెనక్కి లాక్కుపోయాడు.

"సేటూ, ఒక్క మాట. ఏం లేకున్నా ఏదో ఒకటి ఖరాబైందని చెప్పు. కొత్త సెన్సార్ ఎయ్యి. నీకు గిరాకి అయితది, నా ఇజ్జత్ మిగుల్తది. ఇద్దరికీ ఫాయిదా."

"తీస్తున్నవా డీజిల్?"

"నా బిడ్డల మీద ఒట్టు, సుక్క తియ్యలే. తీసేటోణ్ణైతే గింత పరేషాన్ ఎందుకైత? ఇంకో కాడ కొల్వు సూస్కుంట."

ఆ మాట నాకు నచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, దానికంటే ముందు మాట ఎక్కువ నచ్చింది. కొత్త సెన్సార్! నాలో కూర్చున్న ఏడు తరాల దుకాణదార్లు ఒక్కసారిగా గద్దెల మీంచి లేచి నిలబడ్డారు. సరుకు పోతుంది, మనిషి నిలబడతాడు, పుణ్యమూ పురుషార్థమూ ఒకే సంచిలో. ఇలాంటి బేరం మా నాన్నకు జన్మలో తగల్లేదు.

తర్వాత నాలోని బేరగాడే నన్ను ఆపాడు. "కొత్తది ఏస్తే పొగ ఆగుతదా?" అని డ్రైవర్ని అడిగాను. "ఒకడు ఆల్రెడీ ఏసిండు, ఆగలే. నేను సుత ఏసి, నేరేడ్‌మెట్ ఎత్తు ఎక్కకుంటే? నువ్వూ పోతవ్, నేనూ పోత. గామె నోరు పచ్చడి డబ్బాలతోని పాటు ఊరంత తిరుగుతది."

అలా నేను నిజం వెతకడానికి పూనుకున్నది నిజం మీద ప్రేమతో కాదు. అబద్ధానికి గ్యారంటీ ఇవ్వలేక.

స్కానర్ తగిలించాను. ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు రావలసిన గాలి కంటే లెక్క తక్కువగా చూపిస్తోంది. యాక్సిలేటర్ నొక్కితే ఇంకా కనాకష్టం. ఆవిడ కుర్చీ జరుపుకుని నా భుజం పక్కకొచ్చింది. "అంకెలు నాకూ కనబడేటట్టు పెట్టు" అంది. పెట్టాను. తర్వాత సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసింది. అందులో ప్లాస్టిక్ కవరు, దానిలో ఇంకో కవరు, దాని లోపల పాత సెన్సార్. ఆవిడ ఏదీ పారేయదు. వెనకటి మెకానిక్ దాన్ని చెత్తబుట్టలో వేస్తుంటే చెయ్యి పట్టుకుని తీసుకుందట.

"దీనికేమైనా ఇస్తావేమోనని తెచ్చాను."

"పాత సెన్సార్‌కు పాత ఇనుము రేటు సుత రాదమ్మా. ప్లాస్టిక్ ఇది."

"మరి నువ్వు కొత్తది అమ్మేటప్పుడు ప్లాస్టిక్కని చెప్పవేం?"

నేను పని మీద పడ్డాను. ఆ పాతది మాత్రం నాకు పనికొచ్చింది. చేతితొడుగులు వేసుకుని, వేడి రేకుకు వేలు తగలకుండా స్ప్రే కొట్టాను. అది ఆరేదాకా మాట్లాడొద్దని వేలు చూపించాను. ఆవిడ నా వేలికేసి చూసి, "ఎందుకు మాట్లాడకూడదు?" అంది. తంతు అక్కడితో సరి. ఆరిన సెన్సార్‌ను కొత్తదాని స్థానంలో పెట్టి ఇంజిన్ నడిపాను. అదే లెక్క. మళ్ళీ కొత్తది పెట్టాను. అదే లెక్క. ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెబుతున్నారు. అంటే అది అబద్ధం కాదు. గాలి నిజంగానే తక్కువ వస్తోంది. రెండు నెలలుగా అందరూ కలిసి నిజం చెప్పే సాక్షిని పట్టుకుని కొడుతున్నారు.

ఆ సంతోషంలో నోరు జారాను. "సెన్సార్ల తప్పేం లేదమ్మా. రెండూ మంచియే."

అనేశాకే ఏమన్నానో తెలిసింది.

"సరే అయితే" అంది ఆవిడ, కొంగు సర్దుకుంటూ. "సెన్సార్ మంచిదే. ఇంక మిగిలింది వీడే."

డ్రైవర్ భుజం మీది తువ్వాలు తీసి, నింపాదిగా మడతపెట్టి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నేను గబగబా అడ్డం పడ్డాను.

"ఆగుండ్రమ్మా. డీజిల్ దొంగతనమైతే డీజిల్ తగ్గుతది. గాలి ఎందుకు తగ్గుతది? గాలిని ఎవడు అమ్ముకుంటడు?"

ఆవిడ ఆలోచించింది. "ఈ ఊళ్ళో చెప్పలేం" అంది. కానీ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. నాకు అది చాలు.

"బండిని ఎవరన్నా ముట్టిండ్రా? ఇప్పాలని, మార్చాలని?"

"నా బండి మీద ఈగను వాలనివ్వను. ఆ మెకానిక్కు తప్ప ఎవడూ ముట్టుకోలేదు."

సెన్సార్ దాటాక గొట్టాలు ఎక్కడైనా చీలి గాలి కారుతోందేమోనని సబ్బునీళ్ళు పోసి చూశాను. ఎక్కడా బుడగ రాలేదు. వైర్లు కదిపి చూశాను, బాగున్నాయి. చివరికి ఫిల్టర్ డబ్బా మూత విప్పాను. ఫిల్టర్ ధూళి పట్టి పూడుకుపోతే గాలి తగ్గుతుంది. అసలు మొదట చూడాల్సింది అదే. పొద్దున బిల్లు మీద ధ్యాసలో చివరికి పెట్టాను.

ఫిల్టర్ మల్లెపువ్వులా ఉంది.

"ఎప్పుడు మార్చినవ్?" అన్నాను డ్రైవర్‌తో.

"ఎండలు షురూ కాకముందు. అప్పుడు తీసింది బొగ్గు లెక్క ఉండె."

"ఇది ఇంత తెల్లగ ఎట్లుంది మరి?"

"ఉంటుంది మరి" అంది కుర్చీలోంచి ఆవిడ. ఆ గొంతులో ఏదో గర్వం వినిపించింది. ఇంటి శుభ్రత గురించి ఆడవాళ్ళకుండే గర్వం అనుకుని వదిలేశాను. బుద్ధున్నవాడు అక్కడే పట్టుకునేవాడు.

నాకు ఆ తెలుపే మింగుడు పడలేదు. పప్పుల కొట్టులో పెరిగినవాడికి మరీ శుభ్రమైన సరుకును చూస్తే భయం. రాయి, మట్టిబెడ్డ లేని కందిపప్పు ఎవడైనా తెస్తే మా నాన్న ముందు సంచి అడుగున చెయ్యి పెట్టేవాడు. "మంచిదంత మీద పెట్టిండంటే, కింద ఏదో ఉంది" అనేవాడు. ఎండాకాలం అంతా మా రోడ్ల మీద తిరిగిన బండి. ఒకచోట తవ్వుతుంటారు, ఒకచోట పూడుస్తుంటారు, మిలిటరీ వాళ్ళు గేటేస్తే చుట్టూ మట్టి రోడ్డు మీంచి రావాలి. అలాంటి బండి ఫిల్టర్ ఇంత తెల్లగా ఉందంటే, దాని దాకా ధూళి రావడం లేదు. ధూళి రావడం లేదంటే, గాలి కూడా రావడం లేదేమో.

బయటి గాలిని ఫిల్టర్ డబ్బాలోకి తెచ్చే గొట్టాన్ని డబ్బా దగ్గర ఊడదీశాను. ఇప్పుడు డబ్బా నోరు బార్లా తెరిచి ఉంది. "స్టార్ట్ చెయ్యి" అన్నాను. డ్రైవర్ ఎక్కి స్టార్ట్ చేశాడు. అంకె ఒక్కసారిగా లేచింది. "నొక్కు" అన్నాను. నొక్కాడు. ముక్కుదిబ్బడ వదిలిన మనిషిలా ఇంజిన్ ఊపిరి తీసుకుని గర్జించింది. పొగ పలచబడింది. ఎదురు కొట్టు టైర్లాయన బయటికొచ్చి చూశాడు.

"సేటూ!" అని అరిచాడు డ్రైవర్ కిటికీలోంచి. "ఇగ సూడు, ఇది నా బండి! ఇన్ని దినాలు ఎక్కడ పోయినవే!"

ఆవిడ అంకెకేసి, డ్రైవర్‌కేసి మార్చి మార్చి చూసింది. "గొట్టంలో ఏదో ఉందన్నమాట" అంది. "ఎలకేమో. పచ్చడి వాసనకు వస్తాయి ముండావి."

ఆ గొట్టం క్యాబిన్ వెనక నిలువుగా పైకి పోతుంది. దాని కొసన గాలి పీల్చుకునే నోరు, నోటి మీద వాన పడకుండా గొడుగులాంటి ప్లాస్టిక్ మూత. కింద నిలబడితే మూత తప్ప ఏమీ కనపడదు. సామాను పెట్టే తొట్టిలోకెక్కి నిలబడితే మాత్రం సరిగ్గా ఛాతీ ఎత్తులో, ఎవరో అమర్చినట్టు ఉంటుంది. ఎక్కాను. నా పక్కనే డ్రైవర్ కూడా ఎక్కాడు. మూత పట్టి లాగితే టప్పున ఊడొచ్చింది.

కింద గుడ్డ ఉంది.

నాలుగు మడతల నూలు గుడ్డ, గొట్టం మూతికి బిగుతుగా కట్టి, చుట్టూ పురికొస తిప్పి ముడేసి ఉంది. ధూళీ, వానగాలి తడీ కలిసి అది గుడ్డలా లేదు, ఎండిన పిడకలా ఉంది. ఆ ముడిని నేనెరుగుదును. కొసను ఒక్క లాగు లాగితే జారిపోయే ముడి. మా ఇంట్లో ఆవకాయ జాడీ మీదా అదే ముడి, ఎందుకంటే జాడీ కొనేది ఆవిడ దగ్గరే. ముందు గుడ్డ, దాని మీద మూత. జాడీకి వాసెన కట్టినట్టు గాలి గొట్టానికి వాసెన కట్టి ఉంది!

కొస లాగాను. ముడి జారింది. గుడ్డ విప్పితే, మడతల లోపల ధూళి పట్టని చోట వంగపండు రంగు అంచు, దాని మీద జరీ బుటా.

డ్రైవర్ అంచును చూశాడు. తొట్టి మీంచి కింద కూర్చున్న ఆవిడను చూశాడు. మళ్ళీ అంచును చూశాడు. వాడి మొహంలో దీపావళి మొదలవుతోంది. నేను వాడి కాలు తొక్కాను.

"దొరికిందా ఎలక?" అంది ఆవిడ కింద నుంచి.

"దొరికిందమ్మా" అన్నాడు డ్రైవర్. "జరీ ఎలక."

గుడ్డ కిందికి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని విప్పి చూసింది. అంచును బొటనవేలితో రుద్దింది. ఒక్క క్షణం మొహం పచ్చళ్ళ జాడీలా మూసుకుపోయింది. తర్వాత తల ఎత్తి నన్నే తప్పుపట్టినట్టు చూసింది.

"ఇదా? ఇది నేను కట్టిందే."

"ఎవరూ ముట్టుకోలేదన్నరు గదమ్మా?"

"ముట్టుకోవటమేవిటి? కట్టాను. ఉగాదికి బండికి పూజ చేస్తూ తొట్టిలోకెక్కి బొట్లు పెడుతుంటే ఇది కనిపించింది. నోరు తెరుచుకుని దుమ్మంతా మింగుతోంది. అంతకు ముందే కదా వీడు ఫిల్టర్ తీసి బొగ్గులా ఉందని నా మొహాన దులిపాడు! ఇంట్లో నల్లాకు గుడ్డ కడతాం. జాడీకి కడతాం. పాలగిన్నెకు కడతాం. ఇంజిన్ ఏం పాపం చేసింది? నూలు చీర, మెత్తనిది, మా ఆడపడుచు పెట్టింది. పారేసే గుడ్డ కాదు."

"మంచిగనే కట్టినవమ్మా" అన్నాడు డ్రైవర్. "గాలి గూడ రాకుంట కట్టినవ్."

"ఫిల్టర్ ఎంత తెల్లగా ఉందో చూశావా లేదా?"

"సూశిన. ఫిల్టర్ తెల్లగుంది. నా మొహమే నల్లగైంది."

ఆవిడ గుడ్డను తిప్పి తిప్పి మడతపెట్టింది. ఆవిడ తడబడటం నేను చూడటం అదే మొదలు. ఆ అవకాశం వదులుకోకూడదని చప్పున నా లెక్క ముందుకు తోశాను. చూసినందుకు, విప్పినందుకు, కనిపెట్టినందుకు ఇంత అన్నాను. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. బేరం దగ్గర ఆవిడ కాళ్ళ కింద ఎప్పుడూ నేల ఉంటుంది.

"ఏం వేశావు బండికి?"

"ఏం ఎయ్యలేదమ్మా."

"ఏం తీశావు?"

"గుడ్డ."

"ఆ గుడ్డ ఎవరిది?"

"మీదే."

"నా గుడ్డ నాకిచ్చి డబ్బులడుగుతున్నావు. మీ నాన్న పప్పుల కొట్టులో కూడా ఇంత అన్యాయం లేదు."

నేను ఓడిపోయానని నాకప్పుడే తెలుసు. అయినా మర్యాద కోసం కాసేపు కొట్లాడాను. చివరికి ఒక గోంగూర డబ్బా, ఒక ఉసిరికాయ డబ్బా దగ్గర తెగింది. ఉసిరికాయ నేను అడగలేదు, డబ్బుల ఊసు ఎత్తకుండా ఉండటానికి ఆవిడే కలిపింది.

ఆ గెలుపు ఊపులో ఆవిడ లేచి, నడుము గుత్తి తీసి, చిన్న తాళంచెవిని రింగులోంచి లాగటం మొదలుపెట్టింది. రింగు గట్టిది, గోరు విరుగుతుందేమో అన్నంత సేపు పట్టింది. ఊడదీసి, ఎటో చూస్తూ, డ్రైవర్ వైపు చెయ్యి చాచింది.

"ఇదుగో. ఉంచుకో. పద, పోదాం. మధ్యాహ్నం లోడు ఉంది."

డ్రైవర్ తీసుకోలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"చేతులు మురికున్నయమ్మా."

"తాళంచెవికి మడి ఏవిటి? పట్టు."

"ఇంటికాడ ఇయ్యి."

"ఇక్కడిస్తే ఏం?"

"తీస్కున్నది ఇక్కడ కాదు గద."

అప్పుడు నాకు అర్థమైంది, అసలు బేరం ఇప్పుడు మొదలైందని. నేను చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుని గడప మీద కూర్చున్నాను.

"సేటు ముందు ఇస్తున్నాను కదా. ఆయన చూస్తున్నాడుగా" అంది ఆవిడ.

"సేటు ముంగట గుంజుకోలే నువ్వు."

"పండక్కి బట్టలు పెడతాను."

"బట్టలు ప్రతి పండక్కి పెడుతున్నవ్. మంచిగనే పెడతవ్."

"ఆదివారం ఇంటికి పొయ్యేటప్పుడు బండి తీసుకుపో."

"నాకు సైకిల్ మోటరుంది."

ఆవిడ తన ఆయుధం తీసింది. మాటలు ఆపేసి, చెవిటిదానిలా వాడి మొహం చూస్తూ నిలబడింది. ఆ చూపుకు నేను ఎన్ని వాల్వులు, ఎన్ని బేరింగులు అసలు కంటే తక్కువకు ఇచ్చుకున్నానో! వాడు మాత్రం నింపాదిగా అదే చూపు తిరిగి చూశాడు. ఇన్నేళ్ళు ఆవిడ పక్క సీట్లో కూర్చుని ఆ విద్యంతా ఊరికే నేర్చుకున్నాడు. ఎదురు కొట్టు టైర్లాయన ఒక టైరు మీద కూర్చుని మరీ చూస్తున్నాడు.

చాచిన చెయ్యి ఆవిడే మూసింది. తాళంచెవి గుప్పిట్లోకి పోయింది.

"సరే పద" అంది. "బాబూ, నువ్వూ ఎక్కు. ఎత్తు ఎక్కకపోతే ఉసిరికాయ ఇవ్వను."

ఊడదీసిన గొట్టం, మూత మళ్ళీ బిగించాక ముగ్గురం క్యాబిన్‌లో ఇరుక్కుని కూర్చున్నాం. గుడ్డ ఆవిడ ఒళ్ళో, మడతపెట్టి ఉంది. మారేడ్‌పల్లి దాటి, కంటోన్మెంట్ చెట్ల కింద నుంచి పోయి, నేరేడ్‌మెట్ ఎత్తు మొదలయ్యేచోట డ్రైవర్ నాకేసి ఒక కన్ను మూసి చూసి యాక్సిలేటర్ తొక్కాడు. బండి గేరు మార్చమని అడగకుండానే ఎక్కేసింది. అద్దంలో వెనక్కి చూశాను, పొగ లేదు. ఆవిడ కిటికీ బయటికి చూస్తూ, "బాగానే ఎక్కుతోంది" అంది, వేరే ఎవరి బండి గురించో చెబుతున్నట్టు.

షెడ్డులో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని నిమ్మకాయలు కోస్తున్నారు. బండి దిగినవాళ్ళను చూసి చేతులు ఆపారు. డ్రైవర్ సరిగ్గా ట్యాంకు పక్కన నిలబడ్డాడు, ఫొటోకు నిలబడ్డట్టు. ఆవిడ గొంతు సవరించుకుంది. తాళంచెవి పైకెత్తింది.

"అందరూ వినండి. డీజిల్ ఎవరూ తియ్యలేదు. గాలి గొట్టానికి ఎవరో గుడ్డ కట్టారు, అందువల్ల వచ్చింది ఇదంతా. వీడి తప్పేం లేదు. తీసుకోరా."

వాడు చెయ్యి చాచాడు. తాళంచెవి వాడి అరచేతిలో పడింది. కానీ 'ఎవరో' అన్న మాట షెడ్డులో ఇంకా తిరుగుతూనే ఉంది. నిమ్మకాయల దగ్గర కూర్చున్న అందరికంటే పెద్ద ముసలమ్మ ఆవిడ చంకలోని గుడ్డను పరీక్షగా చూసి అమాయకంగా అడిగింది.

"గది మీ వంకాయ రంగు చీర కాదామ్మా? పోయిన ఏడు మామిడికాయ జాడీలకు చించిన్రు, నేనే మడతలు పెడితి."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ నవ్వకుండా ఉండటానికి పడుతున్న కష్టం మాత్రం అందరి భుజాల్లో కనిపిస్తోంది. ఆవిడ గుడ్డను చూసుకుంది, డ్రైవర్‌ను చూసింది, నన్ను చూసింది. నేను గోంగూర డబ్బా కోసం వెతుకుతున్నట్టు నటించాను.

"అవును, నాదే" అంది చివరికి. "నేనే కట్టాను. ఇంజిన్‌కు వాసెన కట్టకూడదని నాకేం తెలుసు? ఇంక నవ్వండి. నవ్వితే నవ్వారు గానీ, నోట్లోంచి తుంపర్లు నిమ్మకాయల్లో పడకుండా నవ్వండి."

అప్పుడు పడింది నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది డ్రైవర్. నవ్వుతూనే తాళంచెవిని మొలతాడుకు ముడేసుకున్నాడు. వేసిన ముడి చూస్తే, కొస లాగితే జారిపోయే రకం కాదు.